చూస్తూ ఊరుకో

నన్ను కూర్చోమంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. మా అపార్టుమెంటులో ఆదివారం పొద్దున్నే డాబా మీద ధ్యానం పెడుతున్నారు. తెల్లబట్టలు వేసుకుని, చాపలు పరుచుకుని, సెల్‌ఫోన్లు ఒక బుట్టలో పడేసి కూర్చుంటారు. ఒకసారి నేనూ వెళ్ళాను. నడిపించే అమ్మాయి వచ్చిన ప్రతివాళ్ళనీ ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతోంది. నా వంతు వచ్చింది. మా పెద్దత్తయ్య దగ్గర అన్నాను. ఏ ఆశ్రమమండీ అంది. గేదెల కొట్టం అన్నాను. అందరూ నవ్వారు. నాకు చిరాకేసింది, ఎందుకంటే నేను వేళాకోళానికి అనలేదు.

మాది గుంటూరుకి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న నల్లరేగడి ఊరు. నేను ఒంగోలు పక్క నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. పత్తి, మిరప, కాస్త జొన్న. సాగర్ కాలువ నీళ్ళు ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అని చెప్పుకుంటూనే అందరూ మబ్బు కోసం పైకి చూసే రోజులు. నోరు నేను పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను. సారె ఏమాత్రం తెచ్చిందో గానీ నోరు మాత్రం బండెడు తెచ్చుకుందని మా అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. అబద్ధం కాదు. అన్యాయం అనిపిస్తే నాకు ఆగేది కాదు. అన్యాయం కాకపోయినా ఒక్కోసారి ఆగేది కాదు. కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని, ఆ పనినీ తిడుతూ, దాన్ని నాకు చెప్పినవాళ్ళనీ తిడుతూ ఉండేదాన్ని.

పెళ్ళయిన నాలుగేళ్ళలో నాకు రెండు కడుపులు పోయాయి. మొదటిది మూడో నెలలో, రెండోది అయిదో నెలలో. రెండోది పోయిన ముందురోజు నేను మా ఆయనతో గొడవపడ్డాను. పత్తి గోతాల దగ్గర, పాలేరు వింటుండగా, గట్టిగా. దాంతో మా అత్తగారు తేల్చేశారు. నీ కోపమే కడుపు నిలవనివ్వడం లేదు అన్నారు. ఒక్కసారి అని ఊరుకుంటే నేనూ మర్చిపోయేదాన్ని. వంటింట్లో అన్నారు, బావి దగ్గర అన్నారు, మా అమ్మ చూడటానికి వస్తే ఆవిడ ముందూ అన్నారు. గుంటూరు తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించారు. ఆవిడ చెప్పింది రెండు మాటలు. బరువులు ఎత్తకూడదు, ప్రశాంతంగా ఉండాలి. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా అత్తగారి దగ్గర రెండో మాట ఒక్కటే మిగిలింది. మొదటిది కూడా మిగిలితే బావి నుంచి నీళ్ళు ఎవరు తేవాలి?

నేను పైకి వాదించాను. డాక్టరమ్మ కోపం మాటే ఎత్తలేదని అందరికీ చెప్పాను. లోపల మాత్రం నమ్మాను. ఈ వాక్యం రాయడానికి రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చాను. నా పిల్లల్ని నేనే అరిచి అరిచి పోగొట్టుకున్నానని నమ్మాను. మూడోసారి నెల తప్పినప్పుడు సంతోషం కలగలేదు, భయమే కలిగింది. ఈసారైనా ఈ నోటి నుంచి ఈ బిడ్డని ఎలా కాపాడుకోవాలా అన్నదే నా దిగులు.

అప్పటికి పెద్దత్తయ్య మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. పెద్దత్తయ్య అంటే మా అత్తగారి అక్క. పదమూడో ఏట పెళ్ళయి మొగుడి వెంట రంగూను వెళ్ళిపోయింది. ఆయన అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. యుద్ధంలో బాంబులు పడి జనం కొండల్లో అడవుల్లో పడి నడిచి వచ్చేసినప్పుడు కూడా వాళ్ళు కదల్లేదు. తర్వాత ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఆమె ఒక పగోడా మెట్ల పక్కన బజ్జీలు వేసి అమ్ముకుంటూ బతికింది. అరవై నాలుగులో మనవాళ్ళని అక్కడి నుంచి పంపించేస్తుంటే, ఒక ట్రంకుపెట్టె, ఒక చాప పట్టుకుని ఓడెక్కి మద్రాసులో దిగి, రైలెక్కి చెల్లెలి ఇంటికి వచ్చేసింది. అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసి ముప్పై ఏళ్ళు దాటింది. ఇద్దరికీ చదువు లేదు, ఉత్తరాలు లేవు. వచ్చిన రోజున ఎవరు అక్కో ఎవరు చెల్లెలో మాకే తెలియలేదు.

ఆమె ఇంట్లో లుంగీ కట్టుకునేది. ఏదో చెట్టు బెరడు సాన మీద అరగదీసి బుగ్గలకి పూసుకునేది. వీధిలో ఆడవాళ్ళు ఏదో ఒక వంకన వచ్చి చూసిపోయేవారు. తనని ‘మీరు’ అనవద్దంది. రంగూనులో మా వీధిలో అందరం నువ్వే, మీరు అంటే పోలీసువాళ్ళు వచ్చారేమోనని భయమేసేది అంది. అందుకే నేను ఆమెని నువ్వు అనేదాన్ని. మా అత్తగారికి అది గిట్టేది కాదు.

మా ఊరి చివర ఒక దిబ్బ ఉండేది. దాన్ని ఎవరు కట్టారో ఎవరికీ పట్టలేదు. అందులో మూరెడు పొడుగు పాత ఇటుకలు దొరుకుతాయన్నది మాత్రం అందరికీ తెలుసు. ఎవరికి అవసరమైతే వాళ్ళు బండి కట్టుకెళ్ళి తవ్వి తెచ్చుకునేవారు. మా గేదెల కొట్టం నేలంతా ఆ ఇటుకలే. పెద్దత్తయ్య వచ్చిన మర్నాడు పాలు తీయడం చూద్దామని కొట్టంలోకి వచ్చింది. నేల చూసింది. వెనక్కి వెళ్ళి చెప్పులు విప్పి మళ్ళీ వచ్చింది. ఇవి పగోడా ఇటుకలు, మీరు బుద్ధుడి నెత్తి మీద గేదెల్ని కట్టేశారు అంది. మా అత్తగారు పేడ ఎత్తుతూ, గేదెలకి తెలీదులే అక్కా అన్నారు.

ఆ రోజు నుంచి పాలు తీయడం, పేడ ఎత్తడం అయ్యాక ఆమె ఆ కొట్టంలో ఓ మూల చాప పరుచుకుని గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఈగలు ముసిరినా, గేదె తోక మొహం మీద కొట్టినా కదిలేది కాదు. ముసలమ్మకి గాలి సోకిందని పాలేరు ప్రచారం చేశాడు. సంగతేమిటంటే, రంగూనులో ఆమె బజ్జీలమ్ముకునే మెట్ల పైన ఒక మఠం ఉంది. అందులో ఒక ముసలి భిక్షువు సాయంత్రాలు ఎవరొస్తే వాళ్ళకి కూర్చోవడం నేర్పేవాడు. మొగుడు పోయిన ఏడు ఈమె వెళ్ళి కూర్చుంది. అప్పటి నుంచి మానలేదు.

మూడోసారి కడుపుతో ఉన్నానని తెలియగానే మా అత్తగారే ఈ ఏర్పాటు చేశారు. అక్కా, దీన్ని కూడా నీ పక్కన కూర్చోబెట్టుకో, ఆ కోపం కాస్త తగ్గితే ఈ ఒక్కటైనా నిలుస్తుంది అన్నారు. నేను మారుమాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాను. భక్తితో కాదు. మందు తాగమంటే ఎలా తాగుతామో అలాగే.

చచ్చేంత బాధపడ్డాను. ముక్కుపుటాల కింద, పై పెదవి మీద ఊపిరి తగిలే చోటు ఒకటుంటుంది, అక్కడ కాపలా ఉండు అని చెప్పింది పెద్దత్తయ్య. వచ్చేది రానీ, పోయేది పోనీ, నువ్వు మాత్రం అక్కడి నుంచి కదలకు అంది. కళ్ళు మూసుకోగానే ఉప్పు కుండ గుర్తొచ్చేది. అందులో ఉప్పు అడుగంటింది కదా అనుకునేదాన్ని. ఆ వెంటనే చింతపండు, ఆ వెంటనే నిన్న మా ఆయన అన్న మాట, దానికి నేను అనాల్సింది అనకుండా వదిలేసిన మాట. వీపు మీద దురద పుట్టేది. మోకాలు లాగేది. ఊపిరి మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. ఒక కన్ను తెరిచి ఆమె వైపు చూసేదాన్ని. ఆమె మొహం చూస్తే కోపం ఇంకా పెరిగేది. గట్టిగా పది నిమిషాలు కూడా కాకముందే లేచి వచ్చేసేదాన్ని. మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.

పెద్దత్తయ్యకి ఒక ఊతపదం ఉండేది. దేనికైనా ‘ఉండదు’ అనేది. మోకాలు నొప్పి అంటే ‘ఉండదులే’ అనేది. ఎండ మండిపోతోందంటే ‘ఉండదు’ అనేది. మా ఆయన కొత్త సైకిలు కొనుక్కొచ్చి చూపిస్తే దాన్నీ నిమిరి ‘బాగుంది, ఉండదు’ అంది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆ భిక్షువు చెప్పిన చదువంతా ఆమెకి ఆ ఒక్క మాటలో ఉంది. ఏదీ నిలవదు, వచ్చిందల్లా పోతుంది, అది తెలిస్తే మనిషి తేలికపడతాడు. మూడో నెల దాటిన రోజు నేను సంతోషం పట్టలేక, పెద్దత్తయ్యా, మొదటి గండం గడిచింది అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అలవాటుగా అనేసింది.

“ఉండదులేమ్మా.”

నా చేతిలో ఏముందో గుర్తులేదు, దాన్ని నేలకేసి కొట్టాను. కడుపుతో ఉన్నదాని ఎదురుగా ఉండదు అంటావా, నీ నోట్లో మన్ను పడ అన్నాను. ఆమె బిత్తరపోయింది. తను ఏమన్నదో ఆమెకి అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. మా అత్తగారు పరిగెత్తుకొచ్చి, ఇంట్లో ఇక ఆ మాట వినిపించకూడదన్నారు. కొంగుతో నా పొట్ట తుడిచి దిష్టి తీశారు. ఆ రోజంతా నేను వణుకుతూనే ఉన్నాను. మాట విన్నందుకు కాదు, అరిచానే, మళ్ళీ అరిచానే అని.

మర్నాడు కొట్టంలో పెద్దత్తయ్య చాలాసేపు ఆలోచించి, ఉండదు అన్న మాట వదిలేద్దాం, ఇంకో మాట పట్టుకుందాం అంది. దురద వచ్చిందా, చూస్తూ ఊరుకో. కోపం వచ్చిందా, చూస్తూ ఊరుకో. అంతే, నీకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు అంది. ఆ మాట నాకు బాగా పట్టింది. పట్టకేం, పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. ఆడపిల్లవి ఊరుకో అని మా నాన్న, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊరుకో అని మా అత్తగారు, అందరూ వింటున్నారు ఊరుకో అని మా ఆయన. మా ఇళ్ళలో ఊరుకో అంటే నోరు మూసుకో అని. సరే, ఇదేనా ఇంతకాలం వీళ్ళంతా చెప్పింది, బుద్ధుడు కూడా ఇదే చెప్పాడు కాబోలు అనుకున్నాను. నోరు మూశాను.

మూసింది మూసినట్టే ఉంచాను. నాలుగో నెల, అయిదో నెల. పప్పులో ఉప్పు లేదని మా ఆయన కంచం నెట్టేస్తే చూస్తూ ఊరుకున్నాను. నా పుట్టింటివాళ్ళు పంపిన అరిసెలు చుట్టాలకి పంచేస్తే ఊరుకున్నాను. నోరు ఊరుకుంటే చేతులు ఊరుకునేవి కాదు. చాప ఈనెలు పీకేదాన్ని. గోళ్ళ పక్క తోలు లాక్కుని రక్తం తెచ్చుకునేదాన్ని. రాత్రి పళ్ళు నూరుతున్నానని మా ఆయన చెప్పాడు. కానీ ఇంట్లో అందరూ మురిసిపోయారు. మా కోడలు బంగారం అయిపోయిందని మా అత్తగారు బావి దగ్గర చెప్పారు. అయిదో నెల దాటిందని కూడా చెప్పారు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పారు.

ఇక మా కొట్టానికి జనం రావడం మొదలుపెట్టారు. మా వీధిలో అత్తలు. ఒకావిడ కోడలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అక్కయ్యా, దీన్ని కూడా కాస్త ఊరుకోబెట్టు అంది. ఇంకొకావిడ రెండు లీటర్ల పాలు పట్టుకొచ్చి, పెద్ద కోడలికి ఎన్నాళ్ళు పడుతుంది, చిన్న కోడలికి ఎన్నాళ్ళు పడుతుంది అని అడిగింది. పెద్దత్తయ్య అందరి మాటా విని, అత్తలు కూర్చోండి, కోడళ్ళకి నేను తర్వాత చెబుతాను అంది. మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. నాకు కడుపుబ్బా నవ్వొచ్చింది. నవ్వకుండా ఊరుకున్నాను. అప్పటికి నవ్వు కూడా కోపం లాగే ప్రమాదం అనిపిస్తోంది నాకు.

మిరపకాయలు కళ్ళంలోకి వచ్చిన రోజులు. కోసిన కాయలు పొలం పక్క చదును చేసిన నేల మీద ఎర్రగా పరిచి ఎండబెడతారు. ఆడకూలీలు వరసగా కూర్చుని మచ్చపడ్డ తెల్లకాయలు ఏరి వేరే పోస్తారు. వాటిని తాలుకాయలంటారు. ఆ ఘాటుకి కడుపుతో ఉన్నదాన్ని నన్ను రావద్దన్నారు గానీ, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండి, మూతికి కొంగు కట్టుకుని వెళ్ళాను. పెద్దత్తయ్య కూడా వచ్చింది. ఊపిరి చూడాలంటే ఇక్కడే చూడాలి, ఇక్కడ దాన్ని ఎవరూ మర్చిపోలేరు అని దగ్గుతూ నవ్వింది.

మధ్యాహ్నానికి పడమట మబ్బు లేచింది. కళ్ళంలో కాయల మీద వాన పడితే అంతే సంగతులు. అందరూ గబగబా కుప్పలు పోస్తున్నారు. కూలీల్లో ఒక బాలింత ఉంది. బిడ్డని వాడలో ముసలిదాని దగ్గర వదిలి వచ్చింది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. ఒక్క ఘడియ వెళ్ళి పాలిచ్చి వస్తానమ్మా అని మా అత్తగారిని అడిగింది. మబ్బు కనపడటం లేదా, ఇప్పుడు కదిలితే ఎట్లా, కుప్ప అయ్యాక వెళ్ళు అన్నారు మా అత్తగారు. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. తిరిగి నా వైపు చూసింది. మా ఊళ్ళో ఆడకూలీలందరికీ నేను తెలుసు. ఇట్లాంటప్పుడు మా అత్తగారి మీద పడి అరిచేది నేనే.

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాను. చూస్తూ ఊరుకున్నాను.

పెద్దత్తయ్య లేచింది. ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళి ఆ పిల్ల చేతిలో చేట తీసుకుని, ఆమె చోటులో చతికిలబడి, కాయలు కుప్పకి తోయడం మొదలుపెట్టింది. వెళ్ళమన్నట్టు తలతో వాడ వైపు చూపించింది. ఆ పిల్ల పరుగు తీసింది. మా అత్తగారు అక్కగారిని ఏమీ అనలేక మబ్బుని తిట్టారు. సాయంత్రం దారిలో నేను పెద్దత్తయ్యని నిలదీశాను. ఊరుకోమన్నది నువ్వే కదా, మళ్ళీ నువ్వే అట్లా ఎందుకు చేశావు అన్నాను. నేను ఊరుకున్నానుగా, ఒక్క మాటన్నానా అంది. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. ఆ పిల్ల చూపు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అయినా నా లెక్క నాకుంది. ఆరో నెల వచ్చింది, నేను మళ్ళీ అరవలేదు.

ఏడో నెలలో, వైశాఖం ఎండల్లో, ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. గుంటూరు తీసుకెళ్ళడానికి మా ఆయన బండి కట్టేలోపే అయిపోయింది. వీధి చివర ఇంట్లో ఉండే దూదేకుల ముసలామె మా ఊరికంతటికీ మంత్రసాని. ఆమె వచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఆ ముసలామె బిడ్డ కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు చరిచింది, నోట్లో ఊదింది, చాలాసేపు ఆగలేదు. చివరికి తన కొంగులోనే చుట్టింది. ఆ కొంగు పచ్చరంగుది. ఇంతకంటే రాయలేను.

మూడు రోజులు ఇల్లంతా చుట్టాలు. వచ్చిన ప్రతి ఆడమనిషీ మంచం పక్కన కూర్చుని, నా తల నిమిరి, ఊరుకో అమ్మా, ఊరుకో అంది. నేను ఏడుస్తూ కూడా లేను. అయినా ఊరుకోమన్నారు. మూడో రోజు మా అత్తగారు గంజి గ్లాసు పట్టుకొచ్చి, ఊరుకో, మనకి రాసిపెట్టి లేదు అన్నారు. అప్పుడు లేచి కూర్చున్నాను.

“నాలుగు నెలలు ఊరుకున్నాను అత్తయ్యా. ఎవరేమన్నా ఊరుకున్నాను. ఆ బాలింత నా వంక చూస్తే కూడా ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి కోపం వల్ల పోయింది? చెప్పండి.”

గోడలదిరేలా అన్నాను. చుట్టాలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మా అత్తగారు గ్లాసు కింద పెట్టారు. మొహం పాలిపోయింది. దొడ్లోకి వెళ్ళిపోయారు. నాకు జాలి కలగలేదు. ఇంకా అనాలని ఉంది.

అందరూ వెళ్ళాక పెద్దత్తయ్య వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఇక నేను ఎప్పుడూ కూర్చోను అన్నాను. కూర్చోకు అంది. నీ భిక్షువు ఇట్లాంటప్పుడు ఏం చెప్పాడు అని అడిగాను, వెటకారంగానే. ఆయనకి పిల్లలు లేరమ్మా, నాకూ లేరు, మా ఇద్దరికీ తెలీదు అంది. తర్వాత నేను ఇన్నేళ్ళుగా మర్చిపోలేని మాట చెప్పింది.

“ఆయన బర్మా మాట ఒకటి అనేవాడు. దానికి తెలుగు నాకు దొరకలేదు. ఊరుకో అన్నాను. ఊరుకో అంటే ఇక్కడ కోడళ్ళకి నోరు మూసుకోవడమని నాకు గుర్తులేదు తల్లీ. పదమూడేళ్ళకే వెళ్ళిపోయానుగా. నాకు అత్త కూడా లేదు. పట్టుకోకు అని ఉంటే సరిపోయేదేమో. తప్పు నాది.”

ఏడుపొస్తే ఏడవమంది. ఏడవకుండా చూడమని నేనెప్పుడూ అనలేదు, ఏడుస్తూనే చూడు అంది. అప్పుడు ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. వెక్కిళ్ళతో ఊపిరి తెగి తెగి వస్తోంది. అది పై పెదవి మీద వేడిగా తగులుతోంది. ఇన్ని నెలలు వెతికితే కనిపించని చోటు అప్పుడు కనిపించింది. దాన్ని చూసి నాకేం శాంతి కలగలేదు. కానీ అక్కడ అది ఉంది, నేను చూస్తున్నాను, బిడ్డ లేదు. మూడూ ఒక్కసారే తెలిశాయి.

అయిదో రోజు పొద్దున నాకు పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేకపోయినా అవి వస్తాయని నాకు ఎవరూ చెప్పలేదు. రొమ్ములు రాళ్ళయ్యాయి, జ్వరం కాసింది, రవిక తడిసింది. సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకున్నాను. మా అత్తగారు లోపలికి వచ్చి తలుపు వేశారు. మూడో రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు ఆవిడకి. చేతిలో చిన్న బుట్ట, బుట్ట నిండా మల్లెమొగ్గలు, ఒక పాత చీర ముక్క. నన్ను లేపి కూర్చోబెట్టి, రవిక విప్పి, మల్లెలు పరిచి గుడ్డతో బిగించి కట్టడం మొదలుపెట్టారు. మల్లెలు కడితే పాలు ఇంకిపోతాయట. ఆవిడ చేతులు తడుముకోలేదు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులుగా ఉంచాలో ఆ చేతులకి బాగా తెలుసు.

ఇది మీకెట్లా తెలుసు అని అడిగాను. గొంతులో ఇంకా విరుపు ఉంది. ఆవిడ ముడి వేస్తూ ఆగిపోయారు. తలెత్తలేదు.

“మీ ఆయనకి ముందు ముగ్గురు పోయారే నాకు. ముగ్గురికీ నేనే కట్టుకున్నాను. మా అత్త నీ కోపమే మింగేసిందని అంది. నేను నమ్మాను. అందుకే నీతోనూ అన్నాను.”

ఈ సంగతి మా ఆయనకి తెలీదు. సొంత అక్కకీ తెలీదు. ఆవిడ రెండు చేతులూ ఆ గుడ్డ ముడి మీదే ఉన్నాయి. నువ్వు మొన్న అరిచినప్పటి నుంచి నాకు నిద్ర లేదు అన్నారు. నువ్వు ఇన్ని నెలలూ నోరెత్తలేదు, నేను చూశాను, ఇల్లంతా చూసింది, అయినా పోయింది కదా అన్నారు. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశారు. నన్ను ఆ ఇంట్లో ఎన్నో మాటలన్న మనిషి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగారు.

“అయితే నేను కాదు కదే?”

“మీరు కాదు అత్తయ్యా,” అన్నాను.

ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆవిడతో అంటుంటే నేనే విన్నాను.